చూపులేనివారు కూడా చదువుకోగలిగేలా తెలుగు పత్రాన్ని తయారు చేయడం ఎలా?

పరీక్షల టైం టేబుల్‌ను ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెడతారు. చూపున్న పిల్లలు చూడగానే చదివేసుకుంటారు. చూపులేని విద్యార్థి ఫోనులోని స్క్రీన్ రీడర్ (తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) తరచూ ‘ఫోటో’ అని చెప్పి ఊరుకుంటుంది. ఏ రోజు ఏ పరీక్షో తెలుసుకోవడానికి ఆ విద్యార్థి మరొకరిని బతిమాలుకోవాలి. ఆ అవసరం రాకుండా చూడడమే యాక్సెసిబిలిటీ. సమాచారం అందరికీ అందే రూపంలో ఉండేలా చూడాలని దివ్యాంగుల హక్కుల చట్టం-2016లోని 42వ సెక్షన్ ప్రభుత్వానికి బాధ్యత అప్పగించింది. అయితే ఒక సర్క్యులరో, కరపత్రమో, వ్యాసమో అందరికీ అందేలా తయారు చేయడానికి చట్టమంతా తెలియనక్కరలేదు. కాస్త శ్రద్ధ ఉంటే చాలు.

1. అక్షరాలను బొమ్మగా పంపకండి

టైం టేబుల్ వంటి చిన్న విషయానికి ఫైలు కూడా అక్కరలేదు. తేదీ, వారం, సబ్జెక్టు వరుసగా టైపు చేసి మెసేజ్‌గా పెట్టండి. పెద్ద పత్రమైతే యూనికోడ్‌లో టైపు చేయండి.

స్క్రీన్ రీడర్ అక్షరం ఆకారాన్ని చూడదు, దాని వెనుక ఉన్న కోడును చదువుతుంది. యూనికోడ్‌లో తెలుగు అక్షరాలకు సొంత కోడ్‌లు ఉన్నాయి. డీటీపీ సెంటర్లలో ఏళ్ల తరబడి వాడుతున్న అను ఫాంట్ల సంగతి వేరు. అక్కడ ఇంగ్లిషు అక్షరాల, గుర్తుల కోడ్‌లకే తెలుగు ఆకారాలు తొడిగారు. కంటికి చక్కని తెలుగు కనిపిస్తుంది, చెవికి అర్థం లేని గుర్తులు వినిపిస్తాయి. అనుమానం ఉంటే ఫైలులోని ఒక వాక్యాన్ని కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేయండి. పిచ్చి గుర్తులు వస్తే కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చుకోవాలి.

రచయిత యూనికోడ్‌లో పంపిన వ్యాసాన్ని అచ్చు కోసం అనులోకి మార్చి, చివరికి ఆ పీడీఎఫ్‌నే నెట్‌లో పెట్టడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. చదవగలిగే ఫైలు మన చేతిలోనే ఉంటుంది కదా! దాన్ని కూడా ఇవ్వండి. బ్రెయిలీలోకి మార్చుకోవాలన్నా పనికొచ్చేది అదే.

2. సున్నాను సరిచూడండి

యూనికోడ్‌లో పూర్ణానుస్వారం ‘ం’ వేరు, తెలుగు అంకె ‘౦’ వేరు. ‘పండుగ’లో అనుస్వారం బదులు అంకె పడితే కంటికి తేడా తెలియదు. స్క్రీన్ రీడర్ గొంతు మాత్రం మాట మధ్యలో ‘సున్నా’ అనవచ్చు, వెతుకులాటలో ఆ మాట దొరకదు కూడా. ఫైండ్ అండ్ రీప్లేస్‌లో ‘౦’ ఇచ్చి, అంకె కాని చోటల్లా ‘ం’గా మార్చండి. అందం కోసం ‘ఆ హ్వా నం’ అని అక్షరాల మధ్య స్పేస్‌లు కొట్టకండి, ముక్కలుగా వినిపిస్తుంది.

పాత కాగితాన్ని స్కాన్ చేసి ఓసీఆర్‌తో అక్షరాలుగా మార్చితే ‘ప’, ‘వ’ తారుమారవుతాయి. ‘పని’ కాస్తా ‘వని’ అవుతుంది. ‘ద’, ‘ధ’, ‘థ’ల దగ్గరా అంతే. ఆ పాఠాన్ని మనిషి చదివి సరిదిద్దక తప్పదు.

3. శీర్షికకు స్టైల్ ఇవ్వండి

అక్షరాలు పెద్దవి చేసి బోల్డ్ పెడితే శీర్షిక అయిపోదు. వర్డ్‌లో హెడింగ్ 1, హెడింగ్ 2 స్టైళ్లు వాడండి. అప్పుడు ఎన్‌వీడీఏ వంటి స్క్రీన్ రీడర్‌తో చదివేవారు బ్రౌజ్ మోడ్‌లో (టైపు చేయకుండా, కీలతో పత్రంలో తిరుగుతూ చదివే పద్ధతిలో) హెచ్ కీ నొక్కుతూ శీర్షిక నుంచి శీర్షికకు వెళ్లగలరు. లేకపోతే నలభై పేజీలనూ మొదటి నుంచి వినాల్సిందే.

4. బొమ్మను మాటల్లో చెప్పండి

వర్డ్‌లో బొమ్మపై రైట్ క్లిక్ చేస్తే ఆల్ట్ టెక్స్ట్ కనిపిస్తుంది. బొమ్మ బదులు స్క్రీన్ రీడర్ చదివే వివరణ రాసే చోటు అదే. ‘బడి ఫోటో’ అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. ‘బడి గేటుకు కుడివైపున ర్యాంపు, దాని పక్కన పట్టుకోవడానికి ఇనుప కమ్మీ’ అని రాయండి. కేవలం అలంకారమైతే డెకరేటివ్ అని గుర్తు పెట్టి వదిలేయవచ్చు.

5. పీడీఎఫ్‌ను ప్రింట్ ద్వారా చేయకండి

అలా చేస్తే శీర్షికలకు ఇచ్చిన స్టైల్ గుర్తులు, ఆల్ట్ టెక్స్ట్ పోతాయి. సేవ్ యాజ్‌లో పీడీఎఫ్ ఎంచుకుని, ఆప్షన్స్‌లో యాక్సెసిబిలిటీ ట్యాగ్‌ల దగ్గర టిక్ ఉందో లేదో చూడండి.

6. తెర ఆపేసి వినండి

విండోస్‌లో ఎన్‌వీడీఏ ఉచితం. దానితో వచ్చే ఈస్పీక్ ఎన్‌జీ అనే, అక్షరాలను పలికే సాఫ్ట్‌వేర్‌లో తెలుగు గొంతు ఉంది. ఇన్సర్ట్, కింది బాణం కీలను కలిపి నొక్కితే పత్రమంతా చదువుతుంది. ఆండ్రాయిడ్ ఫోనులో యాక్సెసిబిలిటీ సెట్టింగ్‌లలో టాక్‌బ్యాక్ అనే స్క్రీన్ రీడర్ ఉంటుంది. అది ఆన్‌లో ఉన్నంతసేపూ ఒకసారి తాకితే వినిపిస్తుంది, రెండుసార్లు తడితేనే తెరుచుకుంటుంది. స్క్రీన్ రీడర్ రోజూ వాడేవారు మీకు తెలిసి ఉంటే, పంపే ముందు వారిని ఒకసారి చదివి చూడమనండి. మీరు గమనించని ఇబ్బందులు వారికి వెంటనే తెలుస్తాయి.

వింటున్నప్పుడు కొన్ని మాటలు యాంత్రికంగా, వింతగా పలకవచ్చు. ఆ ఉచ్చారణ కోసం వర్ణక్రమాన్ని మార్చకండి. వేరే గొంతు పెట్టుకున్నవారికి సరైన వర్ణక్రమమే బాగా వినిపిస్తుంది, బ్రెయిలీలో చదివేవారి వేళ్లకు మాత్రం మీరు మార్చిన తప్పే తగులుతుంది.