బుడమేరు లాంటి వాగుకు మీరే పటం గీయడం ఎలా?

విజయవాడలో బుడమేరు ఎక్కడుందని అడిగితే ఎవరైనా సింగ్‌నగర్ వైపు చెయ్యి చూపిస్తారు. అది ఎక్కడ కలుస్తుందని అడిగితే మాత్రం చాలామంది "కృష్ణలోనేగా" అంటారు. నేనూ అలాగే అనుకుని, నా మొదటి పటంలో బుడమేరును తీసుకెళ్లి బ్యారేజీ దగ్గర కృష్ణలో కలిపేశాను. మా బాబాయి చూసి, "మరి ఎనికేపాడు దగ్గర కాలువ కింద దూరి అవతలకి పోయేది ఏంట్రా?" అన్నాడు. ఆ కాగితం చించేసి మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి ఏ వరసలో చేశానో అదే చెబుతున్నాను. మీ ఊళ్లో వేరే వాగు ఉంటే దానికీ ఇదే పద్ధతి.

ముందు ఒక వంతెన మీద నిలబడండి. నీళ్లు ఎటు పోతున్నాయో చూడటం తేలికైన పనిలా కనిపిస్తుంది గానీ, వేసవిలో నగరం మధ్య బుడమేరు గుర్రపు డెక్క కింద కదలకుండా పడుకున్నట్టు ఉంటుంది. అప్పుడు డెక్క ఆకులను కాదు, వాటి సందుల్లో తేలే నురగను చూడాలి. రెండు నిమిషాలు ఓపిక పడితే అది మెల్లగా ఒక వైపు జరుగుతుంది. అది దిగువ. అటు తిరిగి నిలబడితే మీ ఎడమ చేతి వైపుది ఎడమ గట్టు, కుడి చేతి వైపుది కుడి గట్టు. గండి పడిందని వార్త వచ్చినప్పుడు ఏ గట్టో తెలియాలంటే ఇది గుర్తుండాలి.

తర్వాత పటం. సర్వే ఆఫ్ ఇండియా వాళ్ల టోపోషీట్ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. 1:50,000 స్కేలు తీసుకోండి, అందులో 2 సెంటీమీటర్లంటే నేల మీద ఒక కిలోమీటరు. ఫోన్‌లోని మ్యాప్ దారి వెతకడానికి బాగుంటుంది గానీ నేల ఎత్తుపల్లాలు చూపడంలో టోపోషీట్‌కు సాటి రాదు. ఒకే ఎత్తున్న చోట్లను కలుపుతూ వెళ్లే సన్నని గీతలు కనిపిస్తాయి. వాగును దాటేచోట ఆ గీత ఇంగ్లీషు 'వి' అక్షరంలా వంగుతుంది. 'వి' మొన ఎప్పుడూ ఎగువ వైపే ఉంటుంది. ఆ మొనలను పట్టుకుని వెనక్కి వెళితే బుడమేరు మైలవరం చుట్టుపక్కల కొండల్లోకి తీసుకెళుతుంది. అక్కడ కొండల నెత్తిన పెన్సిల్‌తో గీత గీయండి. గీతకు ఇవతల పడ్డ వాన బుడమేరుకు వస్తుంది, అవతల పడ్డది ఇంకో వాగుకు పోతుంది. గీత లోపలిదంతా పరీవాహక ప్రాంతం.

ఇక అసలు చిక్కు. జి.కొండూరు మండలం వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ (నీటిని ఆపి, వదిలే గేట్ల కట్టడం) ఉంది. ఇక్కడ పటంలో వాగు రెండుగా చీలుతుంది. ఒకటి పాత దారి. విజయవాడ మీదుగా, ఎనికేపాడు దగ్గర కాలువ కింద అండర్ టన్నెల్ దాటి (అక్కడివాళ్లు 'యూటీ' అనే అంటారు), కొల్లేరుకు పోతుంది. కొల్లేరు నుంచి ఉప్పుటేరు, అక్కడి నుంచి సముద్రం. రెండోది మనుషులు తవ్వింది, బుడమేరు డైవర్షన్ కెనాల్. వరద నీటిని ఇబ్రహీంపట్నం వైపు మళ్లించి కృష్ణలో కలుపుతుంది. పుట్టుకతో కొల్లేటి బిడ్డ, దత్తత వెళ్లింది కృష్ణకు. కాబట్టి పాత దారిని నిండు నీలం గీతతో, తవ్విన దారిని చుక్కల గీతతో వేయండి. రెంటినీ ఒకే రంగులో కలిపేస్తే పటం చూసేవాళ్లకు నా మొదటి తప్పే మళ్లీ మిగులుతుంది.

చుక్కల గీత ఎందుకంత ముఖ్యమో 2024 సెప్టెంబరు 1న నగరం చూసింది. కొండల్లో కుండపోత. డైవర్షన్ కెనాల్ ఎడమ గట్టుకు గండ్లు పడి, నీళ్లు సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట వైపు వచ్చేశాయి. అదే సమయంలో కృష్ణ కూడా పొంగింది. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు (క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు) నమోదైంది. నది మట్టం అంత పైకి ఉంటే అందులో కలవాల్సిన కాలువ నీరు ఎటు పోతుంది? వెనక్కి తంతుంది. అందుకే పటంలో రెండు నీళ్లు కలిసేచోట చిన్న సున్నా చుట్టి, పక్కన "నది పొంగితే వెనక్కి" అని రాసుకోండి.

నగరం దాటాక టోపోషీట్ చేతులెత్తేస్తుంది. డెల్టా నేల పళ్లెంలా ఉంటుంది, 20 మీటర్లకో ఎత్తు గీత ఇక్కడ ఏమీ చెప్పదు. ఇక్కడ కాలువ గట్లు, రైలు కట్ట, హైవే ఇవే కొండలు. బండి మీద వెళ్లి ఏ తూము, ఏ కల్వర్టు ఎటు తెరుచుకుందో ఒక్కొక్కటీ గుర్తు పెట్టుకోవడమే మార్గం.

నీళ్లెన్ని పోతున్నాయో తెలుసుకోవాలంటే నగరంలో వద్దు, మురుగులో దిగాల్సి వస్తుంది. మైలవరం వైపు మోకాలి లోతు, తిన్నగా పారే చోటు చూసుకోండి. గట్టు వెంట 20 మీటర్ల తాడు పరిచి, పై కొస దగ్గర నీళ్ల మధ్యలో తొక్క తీయని కమలాపండు వదలండి. కాగితం పడవ గాలికి కొట్టుకుపోతుంది, పండు ముప్పాతిక మునిగి నీటితో పాటే నడుస్తుంది. కింది కొసకు 50 సెకన్లలో చేరిందనుకోండి, వేగం సెకనుకు 0.4 మీటరు. వెడల్పు 6 మీటర్లు, నాలుగైదు చోట్ల కొలిచిన సగటు లోతు 0.5 మీటరు అయితే మూడింటినీ హెచ్చిస్తే 1.2. అడుగున నీరు పైనున్నంత జోరుగా పారదు, అందుకని 0.85తో హెచ్చించండి. సెకనుకు సుమారు 1 ఘనపు మీటరు, అంటే 36 క్యూసెక్కులు. వాన పడుతున్నా, ఎగువన మబ్బు పట్టినా ఈ పని పెట్టుకోవద్దు. కొండవాగు చెప్పి రాదు.

చివరిగా గోడలు చూడండి. సింగ్‌నగర్ సందుల్లో 2024 నాటి బురద చార ఇంకా కనిపించే గోడ ఉంటే, ఇంటివాళ్లను అడిగి నేల నుంచి చార దాకా టేపుతో కొలిచి పటంలో ఆ సందు మీద రాయండి. సున్నం వేసేసిన ఇంట్లో పెద్దావిడను అడిగినా సరే, "ఇదిగో, ఈ స్విచ్ బోర్డు దాకా" అని చెయ్యి పెట్టి చూపిస్తుంది.