రీసెల్లర్ హోస్టింగ్ మాటిమాటికీ పడిపోతుంటే: దెబ్బలాటకి దిగేముందు చెయ్యాల్సిన పనులు

భోగిమంట ఇంకా ఆరలేదు, ఫోన్ మోగింది. కడియం నర్సరీ ఆయన. "అమ్మాయ్ గారూ, మన సైటు గుండ్రంగా తిరుగుతానే ఉందండి. బంతిమొక్క ఒక్కటీ కనబడ్డంలేదు, ఆయ్."

ఆయన సైటొక్కటే కాదు, నేను చూసే 21 సైట్లూ ఒకేసారి పడిపోయాయి. పెళ్ళిసంబంధాల బ్యూరో, ఆడిటరు గారి ఆఫీసు, రెండు బట్టల షాపులు, ఒక స్వీటు షాపు, చివరికి నా సొంత సైటు కూడా. ఆ సైట్లుండే సర్వర్లో జాగా, అంటే హోస్టింగ్, అమ్మినాయన వాట్సాప్‌లో ఒక్క టిక్కు దగ్గరే ఆగిపోయాడు. టికెట్ పెడితే "మా టీమ్ చూస్తోంది" అని మిషను రాసిన జవాబు. సంక్రాంతి మధ్యాహ్నానికి గానీ సర్వర్ లేవలేదు, అంటే 31 గంటలు. ఆయన ప్రకటనలో ఏముందో తెలుసా? 99.9 శాతం అప్‌టైమ్, అంటే సైటు పడకుండా నిలబడి ఉండే సమయం. ఆ లెక్కన నెలకి 43 నిమిషాలకు మించి పడిపోకూడదు.

మా ఊళ్ళో ఒంటరిగా వెబ్‌సైట్ల పని చేసుకునేవాళ్ళు చాలామంది నాలాగే రీసెల్లర్ ప్యాకేజీ (సర్వర్లో జాగా టోకున కొని చిల్లరగా పంచేది) కొనుక్కుని దాంట్లో క్లయింట్లకి తలా ఒక సీప్యానెల్ (సైటు, మెయిళ్ళు చూసుకునే కంట్రోల్ ప్యానెల్) ఇస్తారు. ఆ ప్యాకేజీ మొరాయిస్తున్నప్పుడు ఏ పని ముందు, ఏ పని తర్వాత అన్నది నేను దెబ్బలు తిని నేర్చుకున్నాను. అదే రాస్తున్నాను.

ముందు తప్పు ఎవరిదో తేల్చుకోండి. అంతకుముందు ఏడాదిలో నేను పెట్టిన గొడవల్లో రెండు నిజానికి నా తప్పులే. స్వీటు షాపు సైటులో 508 ఎర్రర్ వస్తుంటే హోస్టింగ్ ఆయన్ని ఎడాపెడా వాయించాను. 508 అంటే ఆ ఒక్క అకౌంటు తనకిచ్చిన సీపీయూ, మెమరీ లాంటి హద్దులు దాటిందని అర్థం. సీప్యానెల్‌లో రిసోర్స్ యూసేజ్ తెరిస్తే అక్కడే గ్రాఫు కనిపిస్తుంది. సైటు నడిపే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్‌లో నేను పెట్టిన ఒక ప్లగిన్ (అదనపు ముక్క) నిమిషానికోసారి డేటాబేసు మొత్తం తిరగేస్తోంది. తీసేశాను, తగ్గిపోయింది. ఒక సైటు పడితే ముందు మన ఇల్లు చూసుకోవాలి, అన్నీ కలిసి పడితే అది సర్వర్.

దీనికి సాక్ష్యం కావాలంటే అప్‌టైమ్‌రోబోట్ లాంటి సర్వీసు అయిదు నిమిషాలకోసారి చూసి చెబుతుంది. కాకపోతే హోమ్‌పేజీ ఒక్కటే ఇవ్వకండి. అదే సైటులో "బాగున్నాను" అని ఒక్క ముక్క రాసిన మామూలు హెచ్‌టీఎమ్ఎల్ ఫైలు పెట్టి దాన్ని కూడా ఇవ్వండి. ఆ ఫైలు తెరుచుకుంటూ హోమ్‌పేజీ రాకపోతే తేడా సైటు నడిపే ప్రోగ్రామైన పీహెచ్‌పీలోనో డేటాబేసులోనో ఉన్నట్టు. రెండూ రాకపోతే సర్వరో నెట్‌వర్కో. ఒక నెల లెక్క చేతిలో ఉంటే వాదన అక్కర్లేదు.

ఇంకో పరీక్ష కూడా చెయ్యండి. కమాండ్ ప్రాంప్ట్‌లో ping అని, పక్కన మీ సైటు పేరు కొట్టి వచ్చే ఐపీ నంబరు (సర్వర్ చిరునామా) తీసుకుని, ఆ ఐపీ ఎవరి పేరున ఉందో హూయిజ్‌లో (ఐపీలు, డొమైన్లు ఎవరివో చూపే జాబితా) చూడండి. "మాకు సొంత డేటాసెంటర్ ఉంది మేడమ్" అన్నాయన ఐపీ ఎక్కడో విదేశంలో సర్వర్లు అద్దెకిచ్చే కంపెనీ పేరున తేలింది. అద్దెకి తీసుకోవడం నేరమేం కాదు. కానీ ఆయన పైవాడికి డబ్బు కట్టకపోతే చీకటి పడేది మన ఇంట్లో.

ఈ వ్యాపారం ఇలా ఎందుకు తయారైందో కొంత చెప్పాలి. 2019 దాకా సీప్యానెల్ లైసెన్సు ఒక సర్వర్‌కి ఇంత అని ఉండేది. ఆ ఏడాది సెప్టెంబరు నుంచి ఎన్ని అకౌంట్లుంటే అంత అన్న లెక్కకి మార్చారు. అంతకుముందు ఒక సర్వర్లో వందల అకౌంట్లు కూరేసినవాళ్ళకి ఖర్చు ఒక్కసారిగా పెరిగింది. కొందరు రేట్లు పెంచారు, కొందరు వేరే ప్యానెల్‌కి మారారు. అందుకే ఇప్పుడు ఎవరైనా కారుచౌకగా "అన్‌లిమిటెడ్ సీప్యానెల్ అకౌంట్లు" అంటే నాకు నమ్మకం కుదరదు. ప్రతి అకౌంటుకీ ఆయన జేబులోంచి పోతున్నప్పుడు ఆ మిగులు ఎక్కణ్ణుంచి తెస్తాడు? అదే సర్వర్లో ఇంకొంతమందిని ఇరికించి.

మారిపోదామని మనసులో అనుకున్నాక చెయ్యకూడని పని ఒకటుంది. "డబ్బు వెనక్కివ్వు, లేకపోతే..." అని దెబ్బలాట మొదలుపెట్టడం. మన సైట్లు, మెయిళ్ళు, బ్యాకప్‌లు అన్నీ వాడి దగ్గరే ఉన్నాయి. అకౌంటు సస్పెండ్ చెయ్యడానికి వాడికి ఒక్క క్లిక్ చాలు. నవ్వుతూ మాట్లాడుతూనే సామాను బయటికి తెచ్చుకోండి.

మొదట బ్యాకప్. ఒక్కో సీప్యానెల్‌లోకీ వెళ్ళి ఫుల్ బ్యాకప్ తీసి మీ హార్డ్‌డిస్క్‌లోకి దింపుకోండి. ఇక్కడొక తిరకాసుంది: ఆ బ్యాకప్ ఫైలు ముందు అదే అకౌంటు జాగాలో తయారవుతుంది. స్వీటు షాపుకి ఇచ్చింది 5 జీబీ, వాడింది 4 జీబీ. బ్యాకప్ మధ్యలో ఆగిపోయి సగం ఫైలు మిగిలింది, నేను పూర్తయిందనుకున్నాను. కాబట్టి ముందు డబ్ల్యూహెచ్‌ఎమ్‌లో (రీసెల్లర్‌కి ఇచ్చే పై ప్యానెల్) ఆ అకౌంటు కోటా పెంచండి. దింపుకున్నాక ఫైలు తెరిచి హోమ్‌డిర్, మైఎస్‌క్యూఎల్ ఫోల్డర్లు రెండూ ఉన్నాయో లేదో కళ్ళతో చూడండి. "మేం రోజూ బ్యాకప్ తీస్తాం" అన్న మాట పట్టుకుని కూర్చోవద్దు. 2021 మార్చి 10న ఫ్రాన్సులో స్ట్రాస్‌బోర్గ్‌లో ఓవీహెచ్ డేటాసెంటర్ కాలిపోయినప్పుడు బ్యాకప్ కూడా అక్కడే ఉన్నవాళ్ళకి రెండూ పోయాయి.

రెండోది డొమైన్, అంటే సైటు పేరు. హోస్టింగ్ మారడానికి డొమైన్ ట్రాన్స్‌ఫర్ చెయ్యక్కర్లేదు, నేమ్‌సర్వర్లు గానీ, 'A' రికార్డు (పేరు ఏ ఐపీకి వెళ్ళాలో చెప్పేది) గానీ మారిస్తే చాలు. కానీ డొమైన్ హోస్టింగ్ ఆయన ప్యానెల్లో, ఆయన ఈమెయిల్ మీద ఉంటే మన జుట్టు ఆయన చేతికిచ్చినట్టే. నా 21లో ఆరు అలా ఉన్నాయి. డాట్‌కామ్ అయితే లాక్ తీయించి ఆథ్ కోడ్ (బదిలీకి కావాల్సిన రహస్య కోడ్) అడిగి వేరే రిజిస్ట్రార్‌కి, అంటే డొమైన్లు అమ్మే కంపెనీకి, మార్చుకోవచ్చు, మార్పుతో పాటు ఒక ఏడాది గడువు కూడా కలుస్తుంది. కొత్తగా కొన్నదో ఈమధ్యే మార్చినదో అయితే 60 రోజులు ఆగాల్సి రావచ్చు. గడువు రెండ్రోజుల్లో ముగుస్తుందనగా మాత్రం ఈ పని పెట్టుకోకండి.

మూడోది డీఎన్‌ఎస్, అంటే డొమైన్ పేరు ఏ ఐపీకి వెళ్ళాలో చెప్పే చిట్టా. దీన్ని హోస్టింగ్ నుంచి విడదీసి క్లౌడ్‌ఫ్లేర్ లాంటి సర్వీసులోనో రిజిస్ట్రార్ దగ్గరో పెట్టుకుంటే రేపు ఎవరితో పడకపోయినా ఒక్క ఐపీ నంబరు మార్చుకుని పోవచ్చు. రికార్డులు ఎక్కించేటప్పుడు మెయిల్‌వి వదిలెయ్యకండి. ఆడిటరు గారి డొమైన్‌కి ఎమ్ఎక్స్ (మెయిల్ ఎక్కడికి రావాలో చెప్పేది) పెట్టాను గానీ ఎస్‌పీఎఫ్, డీకిమ్ (మెయిల్ నిజంగా మనదేనని చూపేవి) మర్చిపోయాను. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్‌కి పంపాలంటే ఆ రెంటిలో ఒకటన్నా ఉండాలి. ఆయన నోటీసులన్నీ క్లయింట్ల స్పామ్‌లోకి పోయాయి. మెయిల్ సర్వర్ పేరు పక్కనుండే క్లౌడ్‌ఫ్లేర్ మబ్బు గుర్తు నారింజ రంగులో కాకుండా బూడిద రంగులో ఉండాలి, లేకపోతే ఫోన్లలో మెయిల్ అసలు రాదు.

కొత్త కంపెనీని ఎలా ఎంచుకోవాలంటే, నేను ఆదివారం రాత్రి పదకొండింటికి టికెట్ పెట్టి చూస్తాను. ఒక అకౌంటుకి ఎంత మెమరీ, ఎన్ని ఫైళ్ళ హద్దు, బ్యాకప్ ఏ ఊళ్ళో ఉంటుంది, 21 అకౌంట్లు మీరే మార్చిపెడతారా అని అడిగాను. నలుగురిలో ఇద్దరు ధరల పేజీ లింకు పంపారు. ఒకాయన సోమవారం పలికాడు. నాలుగో కంపెనీ ఇరవై నిమిషాల్లో అంకెలతో జవాబిచ్చింది. డబ్బు నెలనెలా కట్టండి. పాత ఆయనకి తగ్గింపు ఆశతో మూడేళ్ళది ఒకేసారి కట్టాను, మీద 18 శాతం జీఎస్‌టీ. అదే నన్ను ఏడాదిపాటు కదలనివ్వలేదు.

"వీపీఎస్ తీసుకోవచ్చుగా అక్కా" అని మా తమ్ముడు అంటాడు. వీపీఎస్ అంటే మనమే నడుపుకునే అద్దె సర్వర్. అప్‌డేట్లు, సెక్యూరిటీ, అర్ధరాత్రి మైఎస్‌క్యూఎల్ ఆగితే లేపడం అన్నీ మనమే చూసుకోవాలి. ఇంట్లో కాఫీకి పాలు తగ్గాయని గేదెను తోలుకొస్తే గడ్డి ఎవరు కోస్తారు? నాకు సర్వర్ పని రాదు. వచ్చినవాళ్ళు వెళ్ళండి.

ఇక మార్చే రోజు. ఒకరోజు ముందే డీఎన్‌ఎస్‌లో టీటీఎల్ (పాత ఐపీని ఎంతసేపు గుర్తుంచుకోవాలో చెప్పే అంకె) తగ్గించండి. సీప్యానెల్‌లో మామూలుగా 14400 సెకన్లుంటుంది, అంటే నాలుగు గంటలు. దాన్ని 300 చెయ్యండి. ముందు మీ సొంత సైటు మార్చండి, తర్వాత అన్నిటికన్నా చిన్నది. ఆడిటరు గారిది మాత్రం నెలలో 11, 20 తేదీల దగ్గర్లో ముట్టుకోకండి, జీఎస్‌టీ రిటర్నుల గొడవ. ఆర్డర్లు వచ్చే షాపు సైటుని ఆ అరగంట ఆపెయ్యాలి. లేదంటే చివరి ఆర్డర్లు పాత డేటాబేసులోనే ఉండిపోతాయి.

డీఎన్‌ఎస్ మార్చకముందే కొత్త సర్వర్లో సైటు ఎలా ఉందో చూడొచ్చు. విండోస్‌లో సిస్టమ్32, అందులో డ్రైవర్స్, అందులో ఈటీసీ ఫోల్డర్‌లో హోస్ట్స్ అనే ఫైలుంటుంది. నోట్‌ప్యాడ్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, దాని చివర కొత్త ఐపీ, పక్కన డొమైన్ పేరు రాస్తే మీ కంప్యూటర్‌కి మాత్రం కొత్త సైటు కనిపిస్తుంది. ఎస్ఎస్ఎల్ సర్టిఫికెట్ (సైటు సురక్షితమని బ్రౌజర్‌కి చూపేది) ఇంకా రాదు, ఆ హెచ్చరిక చూసి కంగారుపడకండి. డీఎన్‌ఎస్ తిరిగాక అదే వస్తుంది.

మన తెలుగు సైట్లకి ఇక్కడే అసలు గండం. పెళ్ళిసంబంధాల సైటు పాతది, డేటాబేసు లాటిన్1 అనే, అక్షరాలు దాచే పాత లెక్కలో ఉంది. కొత్త సర్వర్లో తెరిస్తే వధువు, వరుడు, గోత్రం అన్నీ అర్థంకాని గీతలు, డిగ్రీ గుర్తులు. అలా పిచ్చి అక్షరాలొస్తే చాలావరకు లోపల డేటా బాగానే ఉన్నట్టు, చదివే పద్ధతే తప్పు. వర్డ్‌ప్రెస్ కాన్ఫిగ్ ఫైల్లో డీబీ క్యారెక్టర్‌సెట్ పాతదానిలో ఏముందో అదే కొత్తదానిలోనూ పెట్టండి. నాకు దాంతోనే కుదిరింది. అలా కాక వరసగా ప్రశ్నార్థకాలు డేటాబేసులోనే కనిపిస్తే ఆ కాపీలో తెలుగు పోయినట్టే, పాత సర్వర్ నుంచి మళ్ళీ ఎక్స్‌పోర్ట్ చెయ్యాలి. పాతది అప్పుడే రద్దు చేసుకున్నవాళ్ళకి ఆ దారి కూడా ఉండదు. అందుకే నెలరోజులు పాతదానికీ కొత్తదానికీ రెంటికీ డబ్బు కట్టండి.

మెయిళ్ళు ఐమ్యాప్ (ఉత్తరాలు సర్వర్లోనే ఉండే పద్ధతి) అయితే పాత డబ్బాలోంచి కొత్తదానికి ఐమ్యాప్‌సింక్ అనే ప్రోగ్రాముతో మోసుకురావచ్చు. మార్చాక రెండ్రోజులాగి ఇంకోసారి నడపండి, ఆలస్యంగా పాత సర్వర్‌కి చేరిన ఉత్తరాలు దొరుకుతాయి. నెల తిరిగాక పాతదాంట్లో క్లయింట్ల డేటా చెరిపేసి, యూపీఐలో ఆటోపే ఉంటే దాన్నీ రద్దు చెయ్యండి.

హోస్ట్స్ ఫైల్లో రాసిన లైన్లు కూడా తీసెయ్యండి. నేను తియ్యలేదు. కొత్త కంపెనీ ఓ రోజు మెయిల్ పెట్టి మరీ ఐపీ మార్చింది. నర్సరీ సైటు నాకు తెరుచుకోవట్లేదు. వెంటనే టికెట్ పెట్టాను, కాస్త ఘాటుగానే. గంటన్నర కొట్టుకున్నాక నర్సరీ ఆయనకి నేనే ఫోన్ చేశాను. "మాకు బానే వస్తందండి, ఆయ్. పొద్దున్నించి రెండు ఆర్డర్లు కూడాను" అన్నాడు.