ఖవ్వాలీ నేర్చుకోదలచిన వారికి: వెనుక వరుసతో మొదలుపెట్టండి

నాందేడ్ జిల్లాలోని ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్ తాలూకాలలో ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజారులో దక్కనీ మాట్లాడుతూ పెరిగిన మనకు సూఫీ సంగీతం పరాయిది కాదు. ఉరుసు రాత్రి దర్గా నుంచి వచ్చే డోలక్ మోతను, శనివారం గుడిలో భజన మండలి తాళాలను ఒకే వీధిలో నిలబడి విన్నవాళ్లం. అందువల్ల మంచి గొంతు ఉన్న మన యువకులు భజనల నుంచి, దర్గాలలో బృందంగా పాడే సూఫీ భక్తిగానమైన ఖవ్వాలీ వైపు తేలికగానే మళ్లుతారు. అయితే గొంతు ఎంత పైస్థాయికి వెళ్లగలదో చూపించడమే ఈ సంగీతమని చాలామంది భావిస్తారు. కొన్నేళ్లపాటు నేనూ అలాగే భావించాను. శ్రుతిని, లయను ఎలా సాధన చేయిస్తారో వినయాన్ని కూడా అలాగే సాధన చేయించే సంగీతమిది. ఆ సాధన ఎలా చేయాలో నాకు తెలిసినంతవరకు ఇక్కడ వివరిస్తాను.

ఖవ్వాలీ బృందంలో సాధారణంగా ముందు వరుసలో ప్రధాన గాయకుడు, హార్మోనియంతో సహ గాయకుడు కూర్చుంటారు. డోలక్ లేదా తబలా వాయించేవారు, చప్పట్లు కొడుతూ వంత పాడేవారు వెనుక వరుసలో ఉంటారు. మీరు ఆ వెనుక వరుసలో చేరండి. ఎనిమిది మాత్రల కహర్వా తాళాన్ని తీసుకొని, మొదట 1, 5 మాత్రల మీద మాత్రమే చప్పట్లు కొడుతూ, పావుగంటసేపు వేగం పెరగకుండా, తగ్గకుండా నిలబెట్టగలిగేవరకు గొంతు విప్పకండి. ఆ తరువాత చప్పట్లు ఆపకుండా పల్లవిని అందుకోవడం నేర్చుకోండి. నుస్రత్ ఫతే అలీ ఖాన్ (1948–1997) అంతటి గాయకుడు కూడా తండ్రి దగ్గర మొదట నేర్చుకున్నది తబలాయే.

నాకు నేర్పిన పెద్దాయన ఏడాదికి పైగా నా చేత చప్పట్లే కొట్టించారు. నా గొంతు బాగుంటుందని ఊరంతా అంటుంటే ఆయన దాన్ని విననే వినడం లేదని నాకు లోలోపల బాధగా ఉండేది. ఒక ఉరుసు రాత్రి, రెండు గంటలు పాడి అలసిన ప్రధాన గాయకుడికి తారస్థాయిలో ఊపిరి అందక పాదం మధ్యలో తెగిపోయింది. వెనుక ఉన్న మేం ఏడుగురం ఒకరినొకరు చూసుకోకుండానే ఆ పాదాన్ని అదే స్వరం మీద అందుకున్నాం. ఎదుట కూర్చున్నవారిలో ఎవరికీ అది తెలియలేదు. పాట ఒక్కరి సొత్తు కాదని మాటల్లో చెప్పించుకోవడం వేరు, అరచేతులు మండుతుండగా తెలుసుకోవడం వేరు.

తరువాత మాటల సంగతి. నా అభిప్రాయంలో తెలుగువారు ఎక్కువగా తడబడేది ఇక్కడే. మాటను అచ్చుతో ముగించడం మనకు అలవాటు కాబట్టి ‘ఇష్క్’ను ‘ఇష్కు’ అని, ‘నూర్’ను ‘నూరు’ అని తెలియకుండానే పలుకుతాం. ఉర్దూ పద్యం కూడా మన పద్యంలాగే గురులఘువుల లెక్క మీద నడుస్తుంది కాబట్టి, అదనంగా చేరిన ఆ ఉకారం పాదాన్ని కుంటిస్తుంది. ‘ఖానా’లోని ఖ మనకు వచ్చినదే కాని, ‘ఖుదా’లోని ఖ గొంతులో గాలి ఒరుసుకుంటూ రావలసిన ధ్వని. మనం ‘ఖవ్వాలీ’ అని రాసుకునే మాటలోని మొదటి ధ్వని కూడా నిజానికి నాలుక మొదట పుట్టే లోతైన ‘క’. కాబట్టి పాటను తెలుగు లిపిలో రాసుకున్నప్పుడు ఇలాంటి అక్షరాల కింద చుక్క పెట్టుకోండి. ఉర్దూ చదివినవారి దగ్గర కూర్చొని, రాగం లేకుండా, వట్టి మాటలుగా పదిసార్లు చదివి వినిపించండి. ప్రతి పాదానికీ అర్థం అడిగి రాసుకోండి. మీకన్నా చిన్నవాడు ఉచ్చారణ దిద్దినా దిద్దించుకోండి. అర్థం తెలియని పాదాన్ని సభలో పాడవద్దని నేను గట్టిగా చెబుతాను, ఎందుకంటే అది ఎవరో ఒకరు ప్రార్థనగా భావించే మాట.

మరొక సూక్ష్మం ఉంది. మన పద్యంలో ప్రాస పాదం మొదట రెండవ అక్షరంలో ఉంటుంది. గజల్‌లో ‘కాఫియా’ అనే ప్రాస పాదం చివర, మళ్లీ మళ్లీ వచ్చే ‘రదీఫ్’ అనే పదానికి ముందు ఉంటుంది. శ్రోత ఆ కాఫియా కోసమే ఎదురుచూస్తుంటాడు. సరిగ్గా అక్కడే మీ గమకాన్నో తానాన్నో కుమ్మరిస్తే మాట మునిగిపోతుంది. మాటను స్పష్టంగా శ్రోత చేతికి అందించి, నేర్పును ఆ తరువాత చూపించండి.

ఈ సంప్రదాయంలో ప్రతిభకూ వినయానికీ ఉన్న సంబంధం తెలియాలంటే అమీర్ ఖుస్రో (1253–1325) జీవితాన్ని తలచుకోవాలి. పలువురు సుల్తానుల కొలువులో మన్నన పొందిన ఆ మహాకవి, ఢిల్లీలో నిజాముద్దీన్ ఔలియాకు శిష్యుడిగానే తనను తాను చెప్పుకున్నాడు. గురువు కన్నుమూసిన 1325లోనే తానూ కన్నుమూసి, గురువు సమాధి ఉన్న ప్రాంగణంలోనే సమాధి అయ్యాడు. ఆ నిజాముద్దీన్‌కు గురువైన బాబా ఫరీద్ వాణి సిక్కుల పవిత్ర గ్రంథమైన గురు గ్రంథ సాహిబ్‌లో చేరింది. మట్టిని నిందించవద్దనీ, బతికినన్నాళ్లూ మన కాళ్ల కింద ఉండి, చనిపోయాక మన పైన ఉండేది అదేననీ అందులో ఒక శ్లోకం ఉంది. నాందేడ్ గురుద్వారాలో కీర్తన జరిగే వేళ తలకు గుడ్డ కట్టుకొని వెళ్లి ఒక మూల కూర్చోండి. రాగం మాటకు ఎలా లోబడి నడుస్తుందో వినడానికి మనకు అంత దగ్గరలో ఉన్న పాఠశాల మరొకటి లేదు.

సభలో పాడే నాటికి చెవి గొంతుకన్నా చురుకుగా ఉండాలి. సమాకు, అంటే సూఫీలు భక్తితో పాట వినే సభకు, తగిన కాలం, తగిన చోటు, తగిన సహచరులు కావాలని బాగ్దాద్ సూఫీ జునైద్ చెప్పినట్లు పెద్దలు తరచుగా గుర్తుచేస్తారు. దైవస్తుతి అయిన హమ్ద్, ప్రవక్త స్తుతి అయిన నాత్, మహనీయుల స్తుతి అయిన మన్‌కబత్ తరువాతనే గజల్‌కు వెళ్లడం మర్యాద. పాడుతుండగా ఎదుట ఉన్నవారిలో ఒకరికి ఏదో ఒక మాట తగిలి కళ్లు చెమర్చినా, తల ఊగినా, మీరు అనుకున్న తరువాతి చరణాన్ని అక్కడే వదిలేసి, ఆయన తేరుకొనేవరకు ఆ మాటనే తిప్పి తిప్పి పాడాలి. దీనిని తక్రార్ అంటారు. వారం రోజులు సాధన చేసి సిద్ధం చేసుకున్న సర్గమ్ (స్వరాల పేర్లతో పాడే భాగం) ఆ రాత్రి పాడకుండానే మిగిలిపోవచ్చు. నాకు ఎన్నోసార్లు మిగిలిపోయింది. వేరొక కవి పాదాన్ని మధ్యలో అతికే ‘గిరహ్’ను మాత్రం, అది మూల పాదం అర్థాన్ని విప్పుతున్నప్పుడే వాడండి. మీకు కలగని పరవశాన్ని ఎప్పుడూ నటించకండి.

మన జిల్లాలోని కంధార్ దర్గా వంటి చోట పాడే అవకాశం అడగాలంటే ముందు కొన్ని ఉరుసులకు శ్రోతగా వెళ్లి, అక్కడి పెద్దలకు మీ ముఖం పరిచయమయ్యాక అడగండి. మీరు హిందువులైతే ఆ సంగతి దాచకండి, చాటుకోకండి. కూర్చునేటప్పుడు సమాధి వైపు కాళ్లు చాపకూడదు. శ్రోతలు ఇచ్చే నజరానా చాలా చోట్ల ముందుగా సభకు పెద్దగా కూర్చున్నవారి చేతికి వెళ్లి, అక్కడి నుంచి గాయకులకు వస్తుంది. నోటు వస్తున్నప్పుడు కళ్లు దాని వైపు పోకుండా చూసుకోండి. ఉదయం డబ్బు పంచుకునేటప్పుడు చప్పట్లు కొట్టినవారి వాటా ముందు లెక్కపెట్టి ఇచ్చి, హార్మోనియం సర్దడంలో వారికి చేయి కలపండి.