ప్రయోగశాల పరికరాల దిగుమతి – 5వ పాఠం: విడిభాగానికి ఏ కోడ్?

దిగుమతి సరుకును కస్టమ్స్ పట్టికలో ఒక కోడ్ కింద వర్గీకరిస్తారు; అందులో మొదటి రెండంకెలు అధ్యాయాన్ని, మొదటి నాలుగంకెలు శీర్షికను చెబుతాయి. ముందు గత పాఠంలో ఇచ్చిన రెండు ప్రశ్నలకు జవాబులు: సున్నితమైన త్రాసుకు, ల్యాబ్ సెంట్రిఫ్యూజ్‌కు ఏ శీర్షిక? 0.1 మిల్లీగ్రాము తేడానూ పట్టే త్రాసు 9016 శీర్షికలోకి వస్తుంది. ఆ శీర్షికకు హద్దు 5 సెంటీగ్రాములు, అంటే 50 మిల్లీగ్రాములు. అంత సున్నితం కాని త్రాసులు 8423లో ఉంటాయి. రెండోది సెంట్రిఫ్యూజ్, అంటే వేగంగా తిప్పి ద్రవంలోని పదార్థాలను వేరుచేసే యంత్రం. ల్యాబ్‌లో తప్ప మరెక్కడా వాడనిదైనా సరే, దాని చోటు 90వ అధ్యాయం కాదు, 8421. పరికరం ఎక్కడ పనిచేస్తుందో చూసి కోడ్ వెతికినవాళ్లు ఇక్కడ తప్పు రాసి ఉంటారు. విడిభాగాల దగ్గర ఈ అలవాటు ఇంకా ఎక్కువ నష్టం చేస్తుంది. అందుకే ఈ పాఠం మొత్తం వాటికే కేటాయిస్తున్నాను.

ఒక సరుకును ఉదాహరణగా తీసుకుందాం. హైదరాబాద్ చుట్టుపక్కల మందుల కంపెనీల నాణ్యతా పరీక్ష విభాగాల్లో హెచ్‌పీఎల్‌సీ (ద్రావణంలోని పదార్థాలను విడదీసి కొలిచే పరికరం) లేనిది రోజు గడవదు. దాని కోసం జర్మనీ నుంచి ఒక పెట్టె వస్తోంది అనుకోండి. అందులో, విడిపోయిన పదార్థాలను గుర్తించే డిటెక్టర్‌లో వేసే డ్యుటీరియం దీపం, ద్రావణాన్ని నెట్టే పంపు, మరో పంపుకు వేయడానికి పంప్ హెడ్, కొన్ని రబ్బరు ఓ-రింగులు, ఉక్కు స్క్రూలు, డిటెక్టర్‌లో ద్రావణం పారే చిన్న గది అయిన ఫ్లో సెల్ ఉన్నాయి. అమ్మకందారు ఇన్‌వాయిస్‌లో అన్నిటికీ కలిపి ‘హెచ్‌పీఎల్‌సీ విడిభాగాలు, 9027 90’ అని ఒక్క వరుస రాశాడు. హెచ్‌పీఎల్‌సీ కోడ్ 9027 20, ఆ శీర్షిక కింది భాగాల కోడ్ 9027 90. చూడటానికి సబబుగానే ఉంది. కానీ ఈ ఆరింటిలో ఆ కోడ్ నిజంగా చెల్లేది ఒక్కదానికే.

ఎందుకో తెలియాలంటే 90వ అధ్యాయం మొదట్లో ఉన్న నోట్లు చదవాలి. కోడ్‌ల పట్టిక తెరవగానే అంకెల మీదికి వెళ్లిపోవడం అందరూ చేసే పనే. అయితే వర్గీకరణ నియమాల్లో మొదటిదే శీర్షికలోని మాటలతో పాటు సెక్షన్ (అధ్యాయాల గుంపు), అధ్యాయాల నోట్లకూ కట్టుబడాలని చెబుతుంది.

1వ నోట్ ఈ అధ్యాయంలోకి రాకూడనివాటిని చెబుతుంది. యంత్రాల్లో వాడే వల్కనైజ్ చేసిన మెత్తని రబ్బరు వస్తువులు రావు. కాబట్టి ఓ-రింగులు 4016కి వెళ్తాయి. ఏ యంత్రానికైనా పనికొచ్చే స్క్రూలు, స్ప్రింగుల వంటి సామాన్య భాగాలూ రావు. ఉక్కు స్క్రూలు 7318కి వెళ్తాయి. పరికరం ఎంత ఖరీదైనదైనా స్క్రూ స్క్రూయే.

2వ నోట్‌కు మూడు మెట్లున్నాయి. వాటిని వరుసగానే ఎక్కాలి. మొదట ఆ భాగానికి 84, 85, 90, 91 అధ్యాయాల్లో సొంత శీర్షిక ఉందా అని చూడాలి. మరెక్కడా చోటు లేని భాగాల కోసం ఉంచిన 8487, 8548, 9033 అనే మిగులు శీర్షికలను ఇక్కడ లెక్కలోకి తీసుకోకూడదు. సొంత శీర్షిక ఉంటే వెతుకులాట అక్కడితో ఆగాలి. దీపానికి 8539 ఉంది. పంపుకు 8413 ఉంది. సొంత శీర్షిక లేనప్పుడే రెండో మెట్టు: అది ఫలానా రకం పరికరానికి మాత్రమే, లేదా ప్రధానంగా దానికే పనికొస్తుందా? ఫ్లో సెల్ ఇక్కడ నిలుస్తుంది. 9027 90 దానిదే. ఈ రెండు మెట్లలోనూ ఇమడని భాగాలే 9033కి పోతాయి.

పంప్ హెడ్ ఏమైంది? అది పంపులో భాగం. పంపు 8413 అయినప్పుడు దాని భాగం 8413 91. హెచ్‌పీఎల్‌సీ దాకా పోనక్కరలేదు.

ఇప్పుడు ఈ పాఠంలోని అసలు మెలిక. ఇదే పంపు, డిటెక్టర్, నమూనాను తానే ఎక్కించే ఆటోశాంప్లర్, పదార్థాలు విడిపోయే గొట్టాన్ని వెచ్చగా ఉంచే కాలమ్ ఓవెన్ కలిసి పూర్తి వ్యవస్థగా ఒకే సరుకులో వస్తే పంపుకు వేరే కోడ్ ఉండదు. కోడ్‌ల పట్టికలోని 16వ సెక్షన్‌లో ఉన్న 3, 4 నోట్లు ఈ అధ్యాయానికీ వర్తిస్తాయని 90వ అధ్యాయపు 3వ నోట్ చెబుతుంది. దాని ప్రకారం గొట్టాలతో, తీగలతో కలిసి ఒకే నిర్దిష్టమైన పని చేసే విడి యూనిట్లన్నీ ఆ పని కోడ్‌లోకే, అంటే 9027 20లోకే వస్తాయి. కాబట్టి ఆర్డరు పెట్టేటప్పుడే వ్యవస్థ మొత్తం ఒకే ఎయిర్‌వే బిల్లు (విమాన రవాణా పత్రం) మీద రావాలని అడగండి. పంపు ఈ వారం, డిటెక్టర్ వచ్చే వారం అంటే ఈ వాదనను నిలబెట్టుకోవడం కష్టం.

అమ్మకందారు రాసిన కోడ్‌ను నమ్ముకోవద్దని ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మొదటి ఆరు అంకెలు దేశాలన్నిటికీ ఉమ్మడి, మన దేశంలో ఎనిమిది అంకెలు రాయాలి. అవి రాసే బాధ్యత దిగుమతిదారుడిది. 1962 కస్టమ్స్ చట్టం 17వ సెక్షన్ కింద 2011 నుంచి సుంకాన్ని మనమే లెక్కగట్టి బిల్ ఆఫ్ ఎంట్రీ (కస్టమ్స్‌కు ఇచ్చే దిగుమతి ప్రకటన) వేస్తున్నాం. అందులోని వివరాలకు, పెట్టెలోని సరుకుకు పొంతన లేకపోతే 111(ఎం) సెక్షన్ కింద జప్తు దాకా పోవచ్చు. అంత దూరం పోకపోయినా, ప్రశ్నలకు జవాబులు ఇచ్చుకునేలోపు దీపం గోదాములో, పరికరం ల్యాబ్‌లో ఊరికే పడి ఉంటాయి. పరీక్ష పూర్తికాని మందు బ్యాచ్ బయటికి కదలదు. ఈ నష్టాన్ని ఆపడం మన చేతిలో ఉన్న పని.

ఇన్‌వాయిస్‌ను వస్తువు వారీగా రాయించండి. ‘స్పేర్ పార్ట్’ అన్న మాట చాలదు. వస్తువు పేరు, తయారైన పదార్థం, చేసే పని, పార్ట్ నంబరు, ధర ఉండాలి. ‘డిటెక్టర్ కోసం డ్యుటీరియం డిశ్చార్జ్ దీపం’ అని ఉంటే అధికారికి సందేహమే రాదు. తరచూ తెప్పించే వస్తువు మీద నిజంగా రెండు అభిప్రాయాలుంటే, సరుకు బయలుదేరకముందే ముందుగానే నిర్ణయం చెప్పే కస్టమ్స్ అడ్వాన్స్ రూలింగ్ అథారిటీని అడిగే వీలుంది.

అభ్యాసం: సూక్ష్మదర్శినికి బిగించే, ఫ్రేములో అమర్చిన ఆబ్జెక్టివ్ లెన్స్, ల్యాబ్ గాజు బీకరు, హెచ్‌పీఎల్‌సీకి కలపడానికి విడిగా తెప్పించిన మామూలు కంప్యూటర్. మూడింటికీ నాలుగంకెల శీర్షిక రాయండి, ఏ నోట్ ఆధారంగా ఎంచుకున్నారో పక్కన రాయండి. బీకరు విషయంలో 70వ అధ్యాయం తెరవండి. జవాబులు 6వ పాఠం మొదట్లో ఉంటాయి, ఆ తర్వాత సరుకు విలువ నిర్ధారణలోకి వెళ్దాం.