చలికాలంలో గ్రేలింగ్ పడకపోతే: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

ఇంగ్లండ్, వేల్స్ నదుల్లో బ్రౌన్ ట్రౌట్ చేపల సీజన్ ముగిశాక కూడా గ్రేలింగ్ అనే మంచినీటి చేపను మార్చి 14 దాకా పట్టుకోవచ్చు. రాడ్ (గాలపు కర్ర) లైసెన్స్ మాత్రం ఉండాలి.

సమస్య: గంటలు గడిచినా ఒక్క చేపా ముట్టడం లేదు

చాలామంది వెంటనే ఫ్లై (కొక్కేనికి పురుగులా కట్టిన ఎర) మార్చేస్తారు. నేనైతే ముందు లోతు చూడమంటాను. చల్లటి నీటిలో గ్రేలింగ్ గుంపులుగా అడుగునే ఉంటుంది, మేత కోసం దూరం కదలదు. నోరు కూడా కింది వైపుకే ఉంటుంది. నింఫ్ (నీటి పురుగు పిల్లలా ఉండే, మునిగే ఫ్లై) దాని తల మీదుగా పోతే ఎంత మంచి ఫ్లై అయినా దండగే. విల్ట్‌షైర్‌లో ఏవన్ నది సంరక్షకుడిగా పనిచేసిన ఫ్రాంక్ సాయర్ గ్రేలింగ్ కోసం కట్టిన 'కిల్లర్ బగ్' అనే ఫ్లైలో తీగ, ఉన్ని తప్ప ఇంకేం లేవు. అది చక్కగా మునుగుతుంది, అంతే.

బరువైన టంగ్‌స్టన్ లోహపు పూస ఉన్న నింఫ్ కట్టండి. అది అప్పుడప్పుడు అడుగు రాళ్లకు తగలాలి. అసలు తగలకపోతే బరువు పెంచండి, ప్రతిసారీ చిక్కుకుంటే తగ్గించండి. మనిషి నడిచే వేగంతో పారే లోతైన చోటు వెతకండి. ఒకటి పడితే అక్కడే ఆగండి, ఇంకా ఉంటాయి.

సమస్య: అడుగుకు చేరుతోంది, అయినా పడటం లేదు

అడుగు నీటి కన్నా పై నీరు వేగంగా పారుతుంది. దాని మీద పడిన లైను నింఫ్‌ను లాక్కుపోతుంది. రాడ్ ఎత్తి పట్టి, వీలైనంత లైనును గాలిలోనే ఉంచండి. ఇండికేటర్ (లైనుకు కట్టిన, నీటి మీద తేలే గుర్తు) వాడేవాళ్లు నీటి మీది నురగను గమనించాలి. ఇండికేటర్ నురగతో సమానంగా పోతుంటే నింఫ్ ఇంకా పైనే ఉందన్నమాట. కాస్త వెనకబడితే సరిగ్గా ఉన్నట్టు. అది క్షణం ఆగినా రాడ్ ఎత్తేయండి, చలిలో చేప గట్టిగా లాగదు.

సమస్య: తగిలాక జారిపోతోంది

గ్రేలింగ్ పెద్ద వీపు రెక్క విప్పి ప్రవాహానికి అడ్డం తిరుగుతుంది. ఎదురు లాగితే కొక్కెం ఊడుతుంది. మీరే దిగువకు నడిచి, రాడ్‌ను పక్కకు వంచి లాగండి.

సమస్య: రాడ్ రింగుల్లో మంచు

కొనను నీళ్లలో ముంచి కరిగించండి. గోటితో గీకితే కొన విరుగుతుంది.

సమస్య: వదిలిన చేప వెల్లకిలా తేలుతోంది

బాగా అలిసిపోయింది. వలలోనే తలను ప్రవాహానికి ఎదురుగా పెట్టి, తానుగా ఈదేదాకా పట్టుకోండి. ముల్లు లేని కొక్కెం వాడితే నీళ్లలోనే విడిపించవచ్చు. గడ్డకట్టే చలిలో ఫొటో కోసం పైకెత్తకండి, మొప్పలు దెబ్బతింటాయి.