పాత లేత్ మీద అరిగిపోయిన సూచిక ప్లేట్లను మార్చుకొనే పద్ధతి

బటాలా, రాజ్‌కోట్ కర్మాగారాల నుంచి దశాబ్దాల కిందట వచ్చిన లేత్‌లు (లోహపు ముక్కను తిప్పుతూ కోసే యంత్రాలు) విజయవాడ ఆటోనగర్‌లోనూ, హైదరాబాద్ బాలానగర్‌లోనూ నేటికీ పని చేస్తూనే ఉన్నాయి. బెడ్డును (యంత్రం పొడవునా ఉండే ఆధారాన్ని) మళ్ళీ గ్రైండింగ్ చేయించి, బేరింగులు మార్పించి యంత్రాన్ని జాగ్రత్తగా చూసుకొనే యజమానులు కూడా హెడ్‌స్టాక్ (వేగాలు మార్చే ఎడమ వైపు పెట్టె) మీది స్పీడు ప్లేటు, గేర్ బాక్సు మీది థ్రెడ్ చార్టు (ఏ మరకు ఏ లీవరు స్థానమో చెప్పే పట్టిక) చెరిగిపోతే పెద్దగా పట్టించుకోరు. అనుభవమున్న టర్నరుకు (లేత్ నడిపేవాడికి) ఆ అంకెలన్నీ కంఠతా వచ్చి ఉంటాయి కనుక పని ఆగదు. ఆయన సెలవు పెట్టిన రోజున మాత్రం కొత్తగా చేరిన కుర్రవాడు ఏ లీవరు ఎటు తిప్పాలో తెలియక, బరువైన జాబు (కోయవలసిన లోహపు ముక్క) పట్టిన చక్కును, అంటే ఆ ముక్కను బిగించి తిప్పే పట్టును, అవసరానికి మించిన వేగంతో తిప్పే ప్రమాదం ఉంది. అందుచేత ప్లేటు మార్చడాన్ని అలంకారంగా కాక మరమ్మతుగానే చూడాలి.

ముందుగా పాత ప్లేటును చోటు నుంచి కదిలించకుండానే, దానిలో మిగిలి ఉన్న సమాచారమంతా రాబట్టుకోవాలి. పేరుకున్న జిడ్డును కిరోసిన్‌లో తడిపిన మెత్తటి గుడ్డతో తుడవాలి. ఎమరీ పేపరు జోలికి పోకూడదు, ఎందుకంటే అక్షరాలకు మిగిలిన కొద్దిపాటి లోతు కూడా నాలుగు రుద్దులతో పోతుంది. యంత్రానికి రంగు వేసినప్పుడు ప్లేటు మీద కూడా ఎనామిల్ పూసి ఉంటే, పెయింట్ రిమూవరు రాసి, రంగు ఉబ్బిన తరువాత చెక్క పుల్లతో గీకి తీయాలి. అల్యూమినియం ప్లేటుకు కాస్టిక్ సోడా వాడితే అది లోహాన్నే తినేస్తుంది. శుభ్రం చేశాక షెడ్డులో దీపాలు ఆర్పి, టార్చిలైటును ప్లేటు అంచుకు దాదాపు ఆనించి వెలుగు పక్కవాటుగా పాకేలా పట్టుకొంటే, ఎదురుగా చూసినప్పుడు కనిపించని అంకెలు కూడా నీడల వల్ల తేలతాయి. స్టీలు స్కేలును పక్కన పెట్టి, వెలుగును నాలుగు వైపుల నుంచీ మార్చి ఫొటోలు తీయాలి. ట్రేసింగ్ పేపరు పరిచి మెత్తని పెన్సిలుతో అడ్డంగా రుద్దితే ప్లేటు కొలతలు, రంధ్రాల చోట్లు కూడా అచ్చంగా దిగుతాయి.

అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది, ఇలా చదివిన అంకెలను యంత్రంతో సరిచూడడంలో. ఇన్నేళ్ళలో మోటారు మారి ఉండవచ్చు, పుల్లీ మారి ఉండవచ్చు, ఎవరో ఒక గేరు విరిగితే చేతికి దొరికినది వేసి ఉండవచ్చు. చెరిగిన ప్లేటున్న యంత్రం దగ్గర టర్నరు పక్కవారిని అడిగి తెలుసుకొంటాడు. కొత్తగా మెరిసే ప్లేటు ఉంటే దానినే నమ్ముతాడు. కాబట్టి పాత అంకెలను ఉన్నవి ఉన్నట్టు నకలు తీసి కొత్త ప్లేటు చేయించడం నా దృష్టిలో ఏమీ చేయకపోవడం కన్నా హానికరం.

వేగాలను సరిచూడడానికి చక్కు మీద మెరిసే టేపు ముక్క అంటించి, చక్ కీ తీసేసి, ఖాళీ చక్కును తిప్పుతూ ఒక్కొక్క లీవరు స్థానంలో డిజిటల్ టాకోమీటరుతో (తిరిగే వేగాన్ని చూపే మీటరుతో) కొలవాలి. మన 50 హెర్ట్జ్ సరఫరాలో నాలుగు పోల్‌ల మోటారు ఖాళీగా ఉన్నప్పుడు 1500 ఆర్‌పీఎంకు (నిమిషానికి చుట్లు) చేరువగానూ, పూర్తి బరువు మీద 1440 ప్రాంతంలోనూ తిరుగుతుంది కనుక, కొలత ప్లేటు అంకె కన్నా రెండు మూడు శాతం ఎక్కువ వస్తే కంగారు పడనవసరం లేదు. సాధారణంగా ఈ వేగాలు ఒక నిష్పత్తిలో పెరుగుతాయి. ఉదాహరణకు 45, 63, 90 తరువాత ఒక అంకె చెరిగి, ఆపైన 180, 250, 355, 500 కనిపిస్తే, ప్రతిదీ ముందున్నదానికి సుమారు 1.4 రెట్లు కాబట్టి చెరిగినది 125 అని లెక్క చెబుతుంది. అయితే టాకోమీటరు ఆ స్థానంలో 150 చూపించి, మిగతా స్థానాలన్నిటిలోనూ అదే ఐదోవంతు పెరుగుదల కనిపిస్తే, పుల్లీ మారిందని గ్రహించి కొలిచిన అంకెలనే కొత్త ప్లేటు మీద వేయించాలి.

థ్రెడ్ చార్టును విద్యుత్తు లేకుండానే సరిచూడవచ్చు. మెయిన్ స్విచ్ ఆపి తాళం వేసి, హెడ్‌స్టాక్‌ను న్యూట్రల్‌లో ఉంచి, గేర్ బాక్సు లీవర్లను 2 మిల్లీమీటర్ల పిచ్ (పక్కపక్క మరల మధ్య దూరం) స్థానంలో పెట్టి, క్యారేజీని (కోసే పనిముట్టును మోసే భాగాన్ని) లీడ్ స్క్రూకు, అంటే దానిని జరిపే పొడవాటి మర కడ్డీకి, పట్టించే హాఫ్ నట్ వేయాలి. చక్కును చేత్తో ఒకే దిశలో కొన్ని చుట్లు తిప్పి లూజు పోయిన తరువాత క్యారేజీ ఉన్న చోటును గుర్తించి, అక్కడి నుంచి అదే దిశలో సరిగ్గా 10 చుట్లు తిప్పితే క్యారేజీ 20 మిల్లీమీటర్లు జరగాలి. అంగుళానికి 8 మరల స్థానంలో 8 చుట్లకు 25.4 మిల్లీమీటర్లు రావాలి. రాకపోతే ఎడమ చివర మూత తెరిచి మార్పిడి గేర్ల పళ్ళు లెక్కపెట్టాలి. అంగుళాల లీడ్ స్క్రూ ఉన్న లేత్‌లో మిల్లీమీటర్ల మర కోయడానికి సాధారణంగా 127 పళ్ళ గేరు ఉంటుంది, ఎందుకంటే 5 అంగుళాలు సరిగ్గా 127 మిల్లీమీటర్లు. ఏ గేర్లు వేసినప్పుడు ఆ పట్టిక నిజమవుతుందో, వాటి పళ్ళ సంఖ్యలు కొత్త ప్లేటు మీద తప్పనిసరిగా ఉండాలి.

తయారీదారు పేరు, సీరియల్ నంబరు ఉన్న ప్లేటు సంగతి వేరు. అది యంత్రానికి గుర్తింపు పత్రం వంటిది కనుక ఎంత అరిగినా దానిని అక్కడే ఉంచాలి. చదవలేని నంబరును ఊహించి కొత్తగా చెక్కిస్తే, రేపు కొనేవారిని మోసం చేసినట్టవుతుంది. చాలా లేత్‌లకు టెయిల్‌స్టాక్ వైపు (హెడ్‌స్టాక్‌కు ఎదురు కొస) బెడ్డు చివర నంబరు గుద్ది ఉంటుంది, అక్కడ వెతకాలి.

కొత్త ప్లేటుకు ఒక మిల్లీమీటరు మందం ఇత్తడి గాని, స్టెయిన్‌లెస్ స్టీలు గాని మేలు. కేవలం పైన అచ్చు వేసినది కూలెంటుకూ (కోతను చల్లబరిచే ద్రవానికీ) చేతుల రాపిడికీ నిలవదు కాబట్టి, ఎచింగ్ చేసి (రసాయనంతో అక్షరాలను లోతుగా తినిపించి) పల్లాల్లో ఎనామిల్ నింపించాలి. అంకెల ఎత్తు 3 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. నడిపేవారు తెలుగు చదివేవారైతే హెచ్చరికలను తెలుగులోనే రాయించాలి. వత్తులు, గుడింతాలు విడిగా కనిపించాలంటే 5 మిల్లీమీటర్లు కావాలి. డీటీపీ షాపులో కూర్చిన ఫైలును మరో కంప్యూటరులో తెరిచినప్పుడు ఫాంటు లేక అక్షరాలు చెదిరిపోకుండా, అన్నిటినీ కర్వ్‌లుగా (ఫాంటు అవసరం లేని గీతల రూపంగా) మార్చి ఇవ్వమని చెప్పాలి. ఎచింగ్‌కు ముందు కాగితం మీద అసలు సైజులో తీయించి యంత్రం మీద అంటించి, టర్నరు చేత చదివించాలి.

పాత ప్లేటును పట్టి ఉంచేవి చాలావరకు సుత్తితో కొట్టి దింపిన డ్రైవ్ స్క్రూలు. వాటికి నిటారుగా మెలికలు తిరిగిన మర ఉంటుంది కనుక, పలుచని ఉలితో ప్లేటు కింద నుంచి తలను కాస్త లేపి, ప్లయర్‌తో పట్టి ఎడమ వైపు తిప్పితే బయటికి వస్తాయి. తలను పట్టలేకపోతే హాక్సా బ్లేడుతో సన్నని గాడి కోసి స్క్రూడ్రైవరుతో తిప్పాలి. ఉలిని పోతఇనుము మీద ఆనించి బలంగా ఎత్తితే రంధ్రం అంచు పెచ్చులూడుతుంది.

రంధ్రాలు వదులైపోతే 2.5 మిల్లీమీటర్ల డ్రిల్లు వేసి ఎం3 ట్యాపు (3 మిల్లీమీటర్ల స్క్రూకు రంధ్రంలో మర కోయడం), అదీ పట్టనంత పెద్దవైతే 3.3 వేసి ఎం4 ట్యాపు చేసుకోవచ్చు. గేర్ బాక్సు గోడలో రంధ్రం అవతలికి పోయే వీలుంది కాబట్టి బిట్టుకు లోతు గుర్తుగా టేపు చుట్టి, కొనకు గ్రీజు పూసి, పొడిని అయస్కాంతంతో ఎప్పటికప్పుడు తీయాలి; లోపలికి పడిన ఇనుప పొడి నూనెలో కలిసి గేర్లను తింటుంది. అవతలికి పోయిన రంధ్రమైతే స్క్రూకు సీలెంటు రాయాలి.

ప్లేటు రంధ్రాలు స్క్రూ కన్నా అర మిల్లీమీటరు పెద్దవిగా ఉంటే నాలుగూ ఇబ్బంది లేకుండా కుదురుతాయి. కింది తలాన్ని థిన్నరుతో తుడిచి, పలుచగా లక్క వార్నిష్ పూసి ఆరనిచ్చి, ముందు ఎదురెదురు మూలలు, ఆపైన మిగతా రెండూ బిగించాలి. జిగురు టేపు ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. నూనె, కూలెంటు అంచుల నుంచి చేరి అది కొన్నాళ్ళకే ఊడిపోతుంది. తీసిన పాత ప్లేటును, కొలతలు రాసుకొన్న కాగితాన్ని, డ్రాయింగ్ ఫైలు నకలును కలిపి ఒక కవరులో పెట్టి, తేదీ వేసి యంత్రం కాగితాలతో పాటు భద్రపరచాలి.