టైమింగ్ చైన్‌ను, టెన్షనర్‌ను తిరిగి బిగించే పద్ధతి

ఇంజన్ హెడ్ విప్పి బాగుచేసినప్పుడు గానీ, చైన్ సాగిపోయి ముందు కవర్ దగ్గర గలగల శబ్దం వస్తున్నప్పుడు గానీ క్రాంక్ (పిస్టన్లతో తిరిగే ఇరుసు) నుండి క్యామ్‌షాఫ్టులను (వాల్వులను తెరిచే ఇరుసులు) తిప్పే టైమింగ్ చైన్‌ను తీసి మళ్లీ ఎక్కించవలసి వస్తుంది. ఇక్కడ వివరించే పద్ధతి మారుతి స్విఫ్ట్‌లో వచ్చిన 1.2 లీటర్ల పెట్రోల్ ఇంజన్ వంటి, హెడ్‌పై రెండు క్యామ్‌షాఫ్టులూ ఒక టెన్షనరూ (చైన్‌ను బిగువుగా ఉంచే పరికరం) ఉండే నాలుగు సిలిండర్ల ఇంజన్లకు వర్తిస్తుంది. అదే కారులో వచ్చిన 1.3 లీటర్ల డీజిల్ ఇంజన్‌లోనూ చైనే ఉంటుంది గానీ, దానిలో క్యామ్‌షాఫ్టులనూ ఫ్లైవీల్‌నూ ప్రత్యేకమైన పిన్నులతో కదలకుండా బంధించి టైమింగ్ కుదర్చాలి కాబట్టి దానికి ఈ పద్ధతి సరిపోదు.

ఈ పనికంతటికీ ఆధారమైన సూత్రం ఒక్కటే: చైన్‌లో ఉన్న వదులంతా టెన్షనర్ వైపుకే చేరాలి. క్రాంక్ తిరిగేటప్పుడు చైన్‌ను ఒక పక్క నుండి కిందికి లాగుతుంది. ఆ పక్క చైన్ ఎప్పుడూ బిగువుగా ఉంటుంది గనుక అక్కడ కదలని గైడ్‌ను అమరుస్తారు. రెండో పక్క చైన్ వదులుగా తిరిగి పైకి వెళుతుంది గనుక అక్కడ టెన్షనర్ నెట్టే కదిలే చేయి ఉంటుంది. స్ప్రాకెట్లపై (చైన్ ఎక్కే పళ్ల చక్రాలు) ఉండే టైమింగ్ గుర్తులు చూడడానికి కలిసినట్టే ఉన్నా, గైడ్ పక్క కొంచెం వదులు మిగిలిపోతే, క్రాంక్ తిప్పగానే ముందు ఆ వదులు తీరి, ఆ తర్వాతే క్యామ్ కదులుతుంది. క్రాంక్ స్ప్రాకెట్‌కు 18 పళ్లు, క్యామ్ స్ప్రాకెట్‌కు 36 పళ్లు ఉన్నాయనుకుంటే, ఒక్క పన్ను తప్పినా క్యామ్ 10 డిగ్రీలు, క్రాంక్ లెక్కలో 20 డిగ్రీలు తేడా వస్తుంది. అంత తేడాకు ఇంజన్ సరిగా నడవదు. ఇంకా ఎక్కువ పళ్లు తప్పితే, పిస్టన్‌కూ వాల్వ్‌కూ మధ్య ఎడం తక్కువగా ఉండే ఇంజన్లలో వాల్వులు వంగిపోతాయి.

బిగించే ముందు పాత భాగాలను వెలుతురులో పెట్టి పరిశీలించాలి. టెన్షనర్ ప్లంజర్ (కదిలే చేయిని నెట్టే కడ్డీ) దాదాపు చివరిదాకా బయటికి వచ్చి ఉంటే చైన్ సాగిందని నమ్మవచ్చు. స్ప్రాకెట్ పళ్లు ఒక వైపుకు కొక్కెంలా అరిగినా, ప్లాస్టిక్ గైడ్‌పై చైన్ లోతుగా గాడి కోసినా వాటినీ మార్చాలి. అరిగిన స్ప్రాకెట్‌పై కొత్త చైన్ వేస్తే ఆ చైన్ కూడా త్వరగా పాడవుతుంది. గైడ్ ముక్క విరిగి ఉంటే సంప్ (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) విప్పి, ఆయిల్ లాగే జాలీలో ముక్కలు ఇరుక్కోలేదని రూఢి చేసుకోకుండా ముందుకు పోకూడదు.

టెన్షనర్ విషయంలో తొందర పనికిరాదు. అది ఇంజన్ ఆయిల్ ఒత్తిడితో పనిచేస్తుంది, కాబట్టి దానికి ఆయిల్ వచ్చే సన్నని రంధ్రం మడ్డితో మూసుకుపోతే కొత్త చైన్ కూడా శబ్దం చేస్తుంది. బ్లాక్ వైపు రంధ్రాన్ని గాలితో శుభ్రం చేసి, రాచెట్ లాక్‌ను (ప్లంజర్ వెనక్కి పోకుండా ఆపే పళ్ల కొక్కెం) వదిలిస్తూ ప్లంజర్‌ను వేలితో నెమ్మదిగా లోపలికి నొక్కి, అది ఎక్కడా పట్టకుండా కదులుతుందో లేదో చూసి, పూర్తిగా లోపలికి వెళ్లాక బాడీలోని రంధ్రం గుండా సన్నని గట్టి తీగ గుచ్చి దానిని అక్కడే నిలపాలి. చైన్ పని పూర్తయి గుర్తులన్నీ మరోసారి చూసుకునే వరకు ఆ తీగను తీయరాదు.

చైన్ లేనప్పుడు క్రాంక్‌ను గానీ క్యామ్‌ను గానీ విడివిడిగా ఇష్టం వచ్చినట్టు తిప్పితే వాల్వ్ పిస్టన్‌కు తగలవచ్చు. క్యామ్‌ను తిప్పక తప్పకపోతే, ముందుగా క్రాంక్‌ను టీడీసీ (పిస్టన్ పూర్తిగా పైకి చేరే స్థానం) నుండి 90 డిగ్రీలు పక్కకు తెచ్చి, నాలుగు పిస్టన్లూ సిలిండర్ల నడుమకు వచ్చాక క్యామ్ గుర్తులు కుదిర్చి, ఆ తర్వాత క్రాంక్‌ను వచ్చిన దారినే వెనక్కి తీసుకెళ్లాలి. గుర్తులు ఖచ్చితంగా ఎక్కడ నిలవాలో ఆ ఇంజన్ మాన్యువల్‌లోని బొమ్మను చూసే నిర్ణయించాలి. క్యామ్ స్ప్రాకెట్‌లో వీవీటీ (వాల్వులు తెరుచుకునే సమయాన్ని మార్చే అమరిక) ఉంటే, అది తన లాక్ స్థానంలో ఉందని కూడా ఇక్కడే నిర్ధారించుకోవాలి.

ఇప్పుడు చైన్‌లోని రంగు లింకులను స్ప్రాకెట్ల గుర్తులకు ఎదురుగా పెడుతూ చైన్ ఎక్కించాలి. గైడ్ పక్క చైన్‌ను చేత్తో బిగువుగా పట్టుకుని, కదిలే చేయి, టెన్షనర్ అమర్చి, బోల్టులు టార్క్ రెంచ్‌తో (బిగింపు బలాన్ని కొలిచే రెంచ్) బిగించాలి. గుర్తులు మూడూ మరోసారి చూసి, సంతృప్తి కలిగాకే తీగను లాగాలి. ప్లంజర్ బయటికి రాకపోతే టెన్షనర్ నెట్టే కదిలే చేయిని వేలితో కొంచెం నొక్కి వదిలితే వస్తుంది.

ఆ తర్వాత స్పార్క్ ప్లగ్గులు తీసి, క్రాంక్ బోల్టును స్పానర్‌తో ఇంజన్ తిరిగే దిశలోనే నెమ్మదిగా రెండు పూర్తి చుట్లు తిప్పాలి. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక చుట్టు తిరుగుతుంది గనుక, స్ప్రాకెట్ల గుర్తులు మళ్లీ హెడ్, బ్లాక్ గుర్తులకు ఎదురుగా వచ్చి తీరాలి. ఇక్కడ కొత్తవారు కంగారు పడే సంగతి ఒకటుంది: రంగు లింకులు మాత్రం ఈ రెండు చుట్లకు స్ప్రాకెట్ గుర్తుల దగ్గరకు తిరిగి రావు. చైన్ లింకుల సంఖ్యకూ పళ్ల సంఖ్యకూ పొంతన కుదరడానికి ఎన్నో చుట్లు పడుతుంది. అది తప్పు కాదు, మళ్లీ విప్పనవసరం లేదు. కానీ తిప్పేటప్పుడు ఏదైనా గట్టిగా అడ్డుతగిలితే బలం ఉపయోగించకుండా ఆపి, చైన్‌ను మొదటి నుండి చూడాలి.

కవర్ మూసేముందు పాత సీలెంట్‌ను అల్యూమినియం గీసుకోకుండా ప్లాస్టిక్ గీకుడుతో తీసి, నూనె జిడ్డు లేకుండా తుడవాలి. హెడ్, బ్లాక్ కలిసే అతుకు దగ్గర కొంచెం ఎక్కువ సీలెంట్ పెట్టాలి, ఎందుకంటే లీకులు తరచుగా అక్కడే మొదలవుతాయి. సీలెంట్ పైపొర గట్టిపడకముందే కవర్ కూర్చోబెట్టాలి. క్రాంక్ ఆయిల్ సీల్ కొత్తది వేయడం మేలు. క్రాంక్ పుల్లీ బోల్టును మాన్యువల్ చెప్పిన టార్క్‌కు తక్కువగా బిగిస్తే పుల్లీ వదులై, లోపలి స్ప్రాకెట్ కూడా జరిగే ప్రమాదముంది.

సీలెంట్ ఆరడానికి డబ్బాపై చెప్పిన వ్యవధి గడిచాక కొత్త ఆయిల్, ఫిల్టర్ వేయాలి. వెంటనే స్టార్ట్ చేయకుండా, ఫ్యూయల్ పంపు ఫ్యూజు తీసి, ఆయిల్ ఒత్తిడి దీపం ఆరేదాకా కొద్దికొద్దిసేపు స్టార్టర్ తిప్పితే టెన్షనర్‌లోకి ఆయిల్ చేరుతుంది. ఫ్యూజు పెట్టి స్టార్ట్ చేశాక మొదటి కొద్ది సెకన్లు గలగల వినిపించినా ఫరవాలేదు. అది తగ్గకపోతే వెంటనే ఇంజన్ ఆపాలి. ఇంజన్ వేడెక్కాక స్కానర్ పెట్టి, క్రాంక్‌కూ క్యామ్‌కూ పొంతన లేదని చెప్పే పీ0016 కోడ్ రాలేదని చూసి, కవర్ అంచుల్లో తడి కోసం వెతికి, ఇంజన్ ఆపి కొంతసేపు ఆగాక ఆయిల్ మట్టాన్ని మళ్లీ కొలవాలి.